ఫిర్యాదులో లేని మాట

14 నవంబర్ 2006, మంగళవారం

ఆఫీసుకి మామూలుగానే వెళ్లాను. మామూలుగానే ఇంటికొచ్చాను. మధ్యలో ఒక పది నిమిషాలు మాత్రం రాసి పెట్టుకోవాలనిపించింది. ఎందుకో తెలియదు. పెళ్లయ్యాక డైరీ పట్టడం ఇదే మొదలు.

భోజనాల వేళకి ముందు రికార్డు రూములో ఉన్నాను. అటెండర్ సీతయ్య నిచ్చెనెక్కి ఏ భూమి ఎవరు సాగు చేస్తున్నారో రాసే పాత పహాణీ పుస్తకాలు దులుపుతున్నాడు. జయప్రకాశ్ లోపలికి వచ్చాడు. వెంకటరామారావు గారి అబ్బాయి. వాగు అవతల పందొమ్మిది ఎకరాల మిర్చి తోట వాళ్లది. ముప్పై ఏళ్లుగా వాళ్లదేనని అందరూ అనుకుంటున్నారు. పోయిన నెల కోయగూడెం నుంచి దూలయ్య దరఖాస్తు పెట్టుకుంటే, 1968-69 పహాణీ నకలు తీసి, సంతకం పెట్టి ఇచ్చాను. అందులో సాగుదారు గడిలో దూలయ్య తండ్రి పేరుంది. ఆ కాగితం పట్టుకుని అతను గిరిజనుల భూముల కేసులు చూసే ఏజెన్సీ కోర్టుకి వెళ్లాడు, తండ్రి భూమి తనకి ఇప్పించమని. నకళ్లు ఇవ్వడం నా పని. దూలయ్య కాకపోతే ఇంకొకరికైనా ఇస్తాను.

జయప్రకాశ్ గొంతు పెంచలేదు. అసలు పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయిందని, నకలు పొరపాటున ఇచ్చామని కోర్టుకి ఒక లెటర్ రాస్తే చాలన్నాడు. పేజీ చిరగలేదు కదండీ అన్నాను. కాసేపు బీరువాల వైపు చూశాడు. తరవాత ఇలా అన్నాడు:

"మీ అమ్మాయి ఖమ్మంలో హాస్టలు కదండీ. రెండో అంతస్తు. కిటికీకి పసుపు తువ్వాలు ఆరేసుకుంటది. ఆ రోడ్డు మీద లారీలు మరీ స్పీడండీ. చూసుకోండి మేడమ్ గారూ."

నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పసుపు తువ్వాలు నిజమే. దసరా సెలవులయ్యాక పాపని దింపడానికి వెళ్లినప్పుడు నేనే కొనిచ్చాను.

నాకేం భయం వేయలేదు. డబ్బాలో అన్నం పూర్తిగా తిన్నాను.

15 నవంబర్

మా ఆయన రవీందర్‌కి చెప్పాను. ఆయన స్కూలు పేపర్లు దిద్దుతూ విన్నాడు. ఊకె అంటరు గట్ల, పట్టించుకోకు అన్నాడు. రెండు నిమిషాలు పోయాక అదే పేపరు మళ్లీ మొదటి నుంచి దిద్దడం చూశాను.

హాస్టలుకి ఫోన్ చేశాను. ఏం తిన్నావని పాపని అడిగాను. తువ్వాలు గదిలోపలే ఆరేసుకోమన్నాను. ఎందుకమ్మా అంది. దుమ్ము అన్నాను.

16 నవంబర్

ఎమ్మార్వో గారికి చెబితే, ఫిర్యాదు మీ పర్సనల్‌గా ఇచ్చుకోండి, ఆఫీసు పేరు లాగకండి అన్నారు. రికార్డు రూము ఆఫీసులోనే ఉంది. ఆ మాట నేను అనలేదు.

సీతయ్యని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఎస్సై రూప్‌సింగ్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. అన్నది అన్నట్టు చెప్పుండ్రి మేడమ్ అన్నాడు. చెప్పాను. హాస్టలు, రెండో అంతస్తు, పసుపు తువ్వాలు, లారీలు. చెప్పడం అయిపోయింది. ఆయన ఇంకా ఉందేమోనని నా ముఖం చూస్తూ కూర్చున్నాడు.

"గంతేనా మేడమ్? తిట్టిండా? చెయ్యెత్తిండా?"

లేదన్నాను.

"పిల్ల జాగ్రత్త అన్నడు. గది కేసెట్లయితది చెప్పుండ్రి."

పిలిచి మాట్లాడతానన్నాడు. నేను చెప్పినదేదీ ఎవరూ రాసుకోలేదు. టేబుల్ మీద పెన్ను మూత పెట్టే ఉంది.

20 నవంబర్

స్టేషన్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. ముగ్గురికీ టీ వచ్చింది. జయప్రకాశ్ నన్ను అక్కయ్య గారూ అన్నాడు. ఆడపిల్ల కదాని మంచికే చెప్పానండీ, ఆవిడ వేరేగా అనుకున్నారు అన్నాడు. ఎస్సై ఇక మీదట ఆఫీసుకి పోవద్దని అతనికి గట్టిగానే చెప్పాడు. తరవాత ఒక పుస్తకంలో 'ఇరువురూ మాట్లాడుకుని సమాధానపడినారు' అని రాశారు. అతను సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను.

టీలో చక్కెర ఎక్కువైంది.

3 డిసెంబర్, ఆదివారం

పాప ఫోన్ చేసింది. బత్తాయిలు బాగున్నాయమ్మా అంది.

నేను పంపలేదు.

ఎవరో అంకుల్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి, వాళ్లమ్మ పంపింది అన్నాడట. డజను కాయలు. గదిలో అందరూ తలా రెండు తిన్నారట. తియ్యగా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. సరే అన్నాను.

4 డిసెంబర్

సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాను. సోమవారం ఎస్పీ గారు ప్రజల దరఖాస్తులు తీసుకుంటారు. నా ముందు నలభై మంది. నాలుగు గంటలు నిలబడ్డాను. ఆయన నా కాగితం చివరి వరకూ చదివి, పైన ఎర్ర సిరాతో ఏదో రాసి పక్కవారికిచ్చారు. అర నిమిషం పట్టింది.

హాస్టలుకి వెళ్లి పాప బట్టలు సర్దాను. కల్లూరులో మా అక్క ఇంట్లో ఉండి చదువుకుంటుంది. అక్కడ గాలి మంచిది. ఎంసెట్ కోచింగ్ మధ్యలో మానిపిస్తావా అని దారంతా ఏడ్చింది. కారణం చెప్పలేదు. గాలి మంచిదని చెప్పాను.

6 డిసెంబర్

ఎర్ర సిరా కాగితం స్టేషన్‌కి వచ్చింది. ఇప్పుడు కేసు కట్టక తప్పదట. ఎస్సై బందోబస్తుకి భద్రాచలం వెళ్లాడు. స్టేషన్ రైటర్ గోపాలు ఫిర్యాదు రాసుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి. చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. తువ్వాలు దగ్గరికి రాగానే పెన్ను ఆపాడు.

"గిది రాస్తే కోర్టుల నిలవడదు మేడమ్. తువ్వాలేంది, బత్తాయిలేంది అని వకీలు నవ్వుతడు. చంపుత అన్నడని రాయాలె. గప్పుడే సెక్షన్ పడతది."

అలా అనలేదు కదా అన్నాను.

"మరి గదే కదా వాని మాటకు అర్థం? మీకర్థమైంది. నాకర్థమైంది. జడ్జికి అర్థమయ్యేటట్టు రాస్తున్న."

అతను మోసం చేసే మనిషిలా లేడు. నాకు సాయం చేద్దామనే చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాడు.

'జూనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న శ్యామల, భర్త రవీందర్, వయసు 39, అను నేను విన్నవించుకొనునది ఏమనగా... సదరు వ్యక్తి నన్ను అసభ్య పదజాలముతో దూషించి, కాగితము ఇవ్వని యెడల నిన్ను, నీ కూతురిని చంపుతానని బెదిరించినాడు.'

చదివి వినిపించాడు. బాగుందా అన్నాడు. బాగుందన్నాను. సంతకం పెట్టాను. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇచ్చారు. మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను.

11 డిసెంబర్

సీతయ్య దగ్గర వాంగ్మూలం రాసుకున్నారు. ఫిర్యాదులో ఉన్నట్టే రాసుకున్నారట. జయప్రకాశ్‌ని పిలిచి, స్టేషన్ బెయిల్ మీద పంపారు.

12 డిసెంబర్

బస్టాండులో కనబడ్డాడు. నమస్కారం పెట్టాడు.

9 ఫిబ్రవరి 2007

ఈ మధ్య ఏడూ పది బస్సుకి వెళ్తున్నాను. సీటు దొరుకుతుంది. ఆఫీసు తాళం తీసేసరికి ఎవరూ ఉండరు కాబట్టి సీతయ్య కూడా అదే బస్సుకి వస్తున్నాడు. నేను రమ్మనలేదు.

21 మే 2007

పాపకి ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. డిగ్రీలో చేరుతుందట. ఫోన్లో తను మాట్లాడలేదు, మా అక్క చెప్పింది.

30 ఆగస్టు 2007

చార్జిషీటు వేశారట. ఆఫీసు పని మీద వచ్చిన కానిస్టేబులు చెప్పి వెళ్లాడు. ఇక పిలుపు వచ్చేదాకా ఏమీ చేయనక్కర్లేదన్నాడు.

ఏమీ చేయలేదు.

17 సెప్టెంబర్ 2008

చాలా రోజులయింది. రాయడానికి ఏమీ లేదు.

ఈరోజు దూలయ్య ఆఫీసుకి వచ్చాడు. ఏజెన్సీ కోర్టులో అతనివైపే తీర్పొచ్చింది. వెంకటరామారావు గారు పైకోర్టుకి వెళ్లి స్టే తెచ్చారు. ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. ఆ తోటలోనే మిరప నారు నాటడానికి కూలికి పోతున్నాడట. వాళ్ల దగ్గరికేనా అన్నాను.

"ఇంకెవలున్నరమ్మా కైకిలిచ్చెటోళ్లు," అన్నాడు.

నా కేసు సంగతి అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

26 నవంబర్ 2008

సమన్లు వచ్చాయి. సాక్షి నంబరు ఒకటి: నేను. రెండు: సీతయ్య. రెండేళ్ల తరవాత ఆ కాగితం మీద నా పేరు చూస్తే ఇంకెవరి పేరో అనిపించింది.

8 జనవరి 2009

వాయిదా. జడ్జి గారు సెలవు.

22 జనవరి

వాయిదా. అవతలి వకీలు రాలేదు. సీతయ్య, నేను కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నాం. అతను మార్చిలో రిటైరవుతాడు. మనవరాలికి చెవులు కుట్టించిన సంగతి చెప్పాడు.

5 ఫిబ్రవరి

ఏపీపీ గారిని కలిశాను. ప్రభుత్వం తరఫున మన కేసు వాదించేది ఆయనే. చేతిలో ముప్పై ఫైళ్లున్నాయి. నడుస్తూనే మాట్లాడాడు. రాజీకి ఇష్టమైతే లోక్ అదాలత్‌లో ఒక్కరోజులో అయిపోతుందన్నాడు. వద్దన్నాను. వద్దని ఎందుకన్నానో, అన్నాక ఆలోచించాను.

"అట్లయితే కాగితంల ఏముందో గదే చెప్పాలె మేడమ్. ఒక్క అక్షరం అటు ఇటు అయినా కేసు పోతది."

తిరుగు బస్సులో నోట్లోనే చెప్పుకుంటూ వచ్చాను. నిన్ను, నీ కూతురిని చంపుతా. నిన్ను, నీ కూతురిని చంపుతా. జయప్రకాశ్ గొంతులో ఆ మాట ఎంత వినాలనుకున్నా వినబడలేదు. గోపాలు గొంతులో వినబడింది.

19 ఫిబ్రవరి 2009

ఈరోజు జరిగినది వరుసగా రాస్తాను.

పదకొండున్నరకి కేసు పిలిచారు. సీతయ్యని బయట కూర్చోమన్నారు. ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి వినకూడదట. జయప్రకాశ్ తెల్ల చొక్కా వేసుకుని నాకు ఎదురుగా నిలబడ్డాడు. రెండేళ్లలో కొంచెం లావయ్యాడు. అబద్ధం చెప్పనని ప్రమాణం చేయించారు. చేశాను.

ఏపీపీ గారు ఉద్యోగం, తేదీ, గది అన్నీ అడిగారు. చెప్పాను. అప్పుడు ముద్దాయి మిమ్మల్ని ఏమన్నాడు అని అడిగారు.

నోరు తెరిచింది ఆ మాట చెప్పడానికే. వచ్చింది మాత్రం తువ్వాలు. మీ అమ్మాయి హాస్టలు రెండో అంతస్తు, కిటికీకి పసుపు తువ్వాలు ఆరేసుకుంటది, ఆ రోడ్డు మీద లారీలు స్పీడు, చూసుకోండి అన్నాడు అని చెప్పాను. నా గొంతు నాకే దూరంగా వినిపించింది.

జడ్జి గారు టైపిస్టుకి చెప్పడం ఆపారు. ఇది ఫిర్యాదులో ఉందా అని అడిగారు. లేదని ఏపీపీ గారు ఒప్పుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చంపుతానన్నాడా లేదా? అది చెప్పండి," అన్నారు జడ్జి గారు.

"అనలేదు."

"ఫిర్యాదు మీద సంతకం మీదేనా?"

"నాదే."

జడ్జి గారు టైపిస్టుకి చెప్పారు: ముద్దాయి చంపుతానని అనలేదు. ఒక్క వాక్యం. టైపు మిషను చప్పుడు ఆగింది. ఏపీపీ గారు లేచి, ఈ సాక్షి ప్రాసిక్యూషన్‌కి ఎదురు తిరిగింది కాబట్టి క్రాస్ పరీక్షకి అనుమతివ్వాలని అడిగారు. అనుమతిచ్చారు. ముద్దాయితో లాలూచీపడి అబద్ధం చెబుతున్నారు కదా అని ఆయన నన్నడిగారు. నా తరఫు మనిషి. కాదండీ, జరిగింది ఇదే అన్నాను. కాదు అన్న ముక్క వరకే టైపు చేశారు.

అవతలి వకీలు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. జయప్రకాశ్ నేల వైపు చూస్తున్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వడం లేదు. తువ్వాలు మాట ఇంతమందిలో బయటకి వస్తుందని అతను అనుకుని ఉండడు. లేక నాకు అలా అనుకోవాలని ఉందేమో.

తరవాత సీతయ్యని పిలిచారు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. పెద్దింటివాళ్లతో గొడవెందుకని సీతయ్యే వెనక్కి తగ్గుతాడని ఈ రెండేళ్లూ నేను అనుకుంటూ వచ్చాను. సీతయ్య బోనులో నిటారుగా నిలబడ్డాడు.

"చంపుత అన్నడు సార్. మేడమ్‌ను, బిడ్డను ఇద్దరిని చంపుత అన్నడు. నిచ్చెన మీదికెల్లి నా చెవుల్తోని విన్న."

అప్పుడు అవతలి వకీలు లేచి, ఫిర్యాదుదారే అలా అనలేదని ఇప్పుడే చెప్పింది, మీరు అబద్ధమాడుతున్నారు కదా అన్నాడు. సీతయ్య తల తిప్పి నా కోసం వెతికాడు. నేను కనబడ్డాను. అతని ముఖం చూశాను. ఇంకేం రాయను.

బస్టాండులో చాలాసేపు ఇద్దరం నిలబడ్డాం. బస్సు వచ్చే ముందు అతను నెమ్మదిగా అన్నాడు.

"కోర్టుల నిలవడి అబద్ధమాడుడు నా బతుకుల ఇదే మొదలమ్మా. మీ బిడ్డ కోసం ఆడిన. మీరేమో నిజం జెప్తిరి."

"జరిగింది అదే కదా సీతయ్యా."

"గట్లయితే గా దినమే నిజం రాపియ్యకపోతిరి."

బస్సులో అతను ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను.

20 ఫిబ్రవరి

సీతయ్య తొమ్మిదిన్నర బస్సుకి వచ్చాడు.

12 మార్చి 2009

కేసు కొట్టేశారు. తీర్పు కాపీ తెచ్చుకుని చదివాను. తువ్వాలు గురించి ఒక వాక్యం ఉంది. తొలిసారిగా కోర్టులోనే చెప్పినందున అది నమ్మదగినది కాదని.

రవీందర్ చదివి మడిచి ఇచ్చాడు. అయిపోయింది కదా, ఇగ మర్చిపో అన్నాడు. మర్చిపోయాను.

పాపకి ఫోన్ చేశాను. మొదటిసారి అంతా చెప్పాను. హాస్టలు ఎందుకు మార్చానో, బత్తాయిలు ఎవరివో. అప్పుడే చెప్తే నేను నీతోని అట్ల ఉండేదాన్ని కాదు కదమ్మా అంది. అవునన్నాను. అన్నం తిన్నావా అని అడిగింది. ఎప్పుడూ నేను అడిగే మాట.

23 మార్చి

జంపక్క అనే ఆవిడ వచ్చింది. దూలయ్య వాళ్ల గూడెమే. అరవై ఏళ్లుంటాయి. దూలయ్యకి కాగితమిచ్చారట, మా నాయిన పేరు గూడ ఉందేమో చూడుండ్రి అంది. వాళ్ల నాన్న భూమి కూడా ఇప్పుడు ఆ మిర్చి తోటలోనే ఉంది. దరఖాస్తు ఎవరి చేతో రాయించుకొచ్చింది. సర్వే నంబరు చూశాను. అదే పుస్తకం. దూలయ్య తండ్రి పేజీకి తరవాతి పేజీ.

పుస్తకం తీయలేదు. ఆ పేజీ చిరిగిపోయిందమ్మా అని చెప్పాను.

చాలా తేలిగ్గా వచ్చింది. జంపక్క సరేనని కొంగు సర్దుకుని, పన్నెండు కిలోమీటర్లు నడిచొచ్చిన, జర కూసుంట అని వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. సాయంత్రం తాళం వేసేటప్పుడు చూస్తే లేదు.

సీతయ్య బీరువా అరలు గుడ్డతో తుడుస్తూ అంతా విన్నాడు.

24 మార్చి

పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి నా బల్ల మీద 1968-69 పహాణీ పుస్తకం ఉంది. మూసే ఉంది. సీతయ్య కుండలో నీళ్లు నింపడానికి వెళ్లాడు.

రోజంతా దాన్ని పక్కకి జరిపి వేరే పని చేశాను. సాయంత్రం తిరిగి బీరువాలో పెట్టాను.

25 మార్చి

మళ్లీ బల్ల మీద ఉంది.

తెరిచాను. పేజీ బాగుంది. ఒక మూల చెదలు కొట్టింది, అంతే. సాగుదారు గడిలో పేరు స్పష్టంగా ఉంది. నకలు రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సంతకం పెట్టే చోట ఆగాను. ఇంతకు ముందు ఇలాంటి కాగితం మీద నా పేరు పెట్టినప్పుడు ఏమైందో నాకు తెలుసు. మళ్లీ అదే మనిషి వచ్చి అదే బీరువాల వైపు చూస్తాడు. ఈసారి ఏ స్టేషన్‌కి వెళ్తాను, ఏం రాయిస్తాను. అవన్నీ వరుసగా ఆలోచించాను. లోపల ఏమీ కదల్లేదు. సంతకం పెట్టాను.

సీతయ్యని పిలిచి, శుక్రవారం సంతకి గూడెం వాళ్లు వస్తారు, జంపక్కకి కబురు పెట్టు అన్నాను. తలూపాడు. సాయంత్రం ఒకే బస్సులో వచ్చాం.

27 మార్చి 2009, శుక్రవారం

జంపక్క వచ్చింది. కాగితం చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసింది. ఆమెకి చదువు రాదు. పేజీ దొరికిందా అని గాని, ఆ రోజు ఎందుకలా చెప్పావని గాని అడగలేదు.

"మా నాయిన పేరేడుందమ్మా?"

ఆమె వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టాను. చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. చదివాను. ఆ పేరు బయటికి వినబడి నలభై ఏళ్లయిందట. మూడోసారి ఆమె అడగకుండానే చదివాను.

వేలు కిందికి జరిపి, ముద్ర పక్కన సంతకం దగ్గర ఆపింది.

"గిదెవలిది?"

నాది అన్నాను.

"సదువు మరి."

శ్యామల అని చదివాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, రొండిన దోపుకుని వెళ్లింది.

ఆమె వెళ్లాక నకళ్ల రిజిస్టరులో ఎక్కిస్తుంటే గుర్తొచ్చింది, సంతకం కింద తేదీ వేయలేదు. తేదీ లేకపోతే కోర్టులో చెల్లదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాను. సంతలో జనం. కరెంటు ఆఫీసు దాటి, బస్సాగే చోటుదాకా వెళ్లాను. నేను పరిగెత్తి ఎన్నేళ్లయిందో. జంపక్క బస్సెక్కుతోంది. ఆగమని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకు తెలియదు. కండక్టరు బస్సు ఆపాడు.

ఆమె కవరు విప్పి కాగితం తీసింది. బస్సు మెట్టు మీద కాగితం పరిచి, తేదీ వేశాను.